చిన్నారి పాత కాటా దాటిన రాత్రి

చోడవరం నుంచి దేవరాపల్లి వెళ్ళే రోడ్డు వదిలేసి చెరుకు తోటల్లోకి బళ్ళబాట పట్టేరనుకోండి — మూడు బాటలు కలిసే చోట ఒక పాత కాటా ఉంటుంది. ఒకప్పుడు చెరుకు బళ్ళు అక్కడే తూచేవారు. ఇప్పుడు పైన రేకుల షెడ్డు, కింద తుప్పు పట్టిన ఇనప పలక, చుట్టూ తుప్పలు. ఇంకేం లేదక్కడ.

ఇంకేం లేదని పగలు అంటారు. చీకటి పడ్డాక ఆ మాట అనే మగాడు మా చుట్టుపక్కల లేడు.

ఏటంటే — పలక మీద ఎవరూ లేకుండానే అది కిర్రుమంటుందట. తూకం వేసే గుమస్తా ఒకడు అక్కడే గుండె పట్టుకుని కూలిపోయేడట. చచ్చినా డ్యూటీ దిగలేదట. చీకట్లో దొరికినవాణ్ణి దొరికినట్టు పలకెక్కించి తూస్తాడు... తూగినవాడు మంచం దిగడు.

అలాంటి చోటుతో జాబేజ్‌కి పని పడింది.

జాబేజ్ స్కూలు వ్యాను డ్రైవరు. ఆదివారాలు వైజాగ్ జనం కార్లేసుకుని రైవాడ రిజర్వాయరు చూడ్డానికి వస్తారు కదా, వాళ్ళని గుర్రం ఎక్కించి తోటల మధ్యనుంచి తిప్పుదామని అతని ఆశ. అనకాపల్లిలో పెళ్ళి బ్యాండు నడిపే ఉదయ్‌కుమార్ దగ్గర్నుంచి ఒక తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చేడు. పేరు చిన్నారి. పేరుకే చిన్నారి, వీపు జాబేజ్ గెడ్డం దాకా వస్తుంది.

అది మోసిన పెళ్ళికొడుకులకి లెక్కలేదు. ఒక ఊరేగింపులో ఎవడో తాగుబోతు దాని కాళ్ళ మధ్య టపాకాయల దండ అంటించేడు. ఆ రోజునుంచి దానికి అన్నీ భయమే. ఎగిరే కవరంటే భయం. గొడుగంటే భయం. కాలిన వాసన తగిలితే ఒళ్ళంతా వణుకే.

"నీ పనికొస్తే ఉంచుకో," అన్నాడు ఉదయ్‌కుమార్. "మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలయ్యేలోగా దారికి రాలేదో, నేనే వచ్చి తోలుకుపోతాను. కళ్ళకి గంతలు, నోట్లో ముళ్ళ కళ్ళెం. ఎందుకు నడవదో సూస్తాను."

ఆ ముళ్ళ కళ్ళెం మాట జాబేజ్‌కి నిద్ర పట్టనివ్వలేదు. చిన్నారి పెదవుల మూలల్లో పాత మచ్చలు అతను చూసేడు మరి.

సరే, మొదలెట్టేడు. యూట్యూబులో ఎవరో దొర చెప్పినట్టు, ముందు పెరట్లోనే. పాత గోనెసంచి తెచ్చి దూరంగా పడేసేవాడు. చిన్నారి బెదిరితే లాగేవాడు కాదు, కొట్టేవాడు కాదు. పక్కన నిలబడి తనూ ఆ గోనెసంచినే చూసేవాడు. అది ఒకడుగు ముందుకేస్తే మెడ మీద నిమిరి, వెంటనే వెనక్కి తిప్పేసేవాడు. మర్నాడు ఇంకో అడుగు.

"ఏటండీ, ఇద్దరూ కలిసి గోనెసంచికి కాపలా కాస్తన్నారా?" అనేది భార్య ఎవాంజలిన్, పొయ్యి దగ్గరనుంచి.

నవ్వితే నవ్వింది గాని, పనయింది. గోనెసంచి అయింది, టార్పాలిన్ అయింది, గొడుగయింది. చెరుకు ట్రాక్టరు హారన్ కొట్టుకుంటూ పోయినా చిన్నారి ఒక చెవి తిప్పి ఊరుకునేది. కాలవ దాటింది, గట్టెక్కింది.

ఒక్క పాత కాటా దగ్గరే... వంపు తిరగ్గానే కాళ్ళు నేలలో పాతేసినట్టు నిలబడిపోయేది. ముక్కుపుటాలు ఎగరేసేది. గిర్రున వెనక్కి తిరిగేది.

రిజర్వాయరుకి ఆ బాట తప్పితే ఇంకో దారి బస్సుల రోడ్డే. అది గుర్రానికి పనికిరాదు.

"దానికేదో కనబడతందే," అన్నాడు జాబేజ్ ఒక రాత్రి, అన్నం కలుపుతూ. "జంతువులకి కనబడతాయట."

"దానికి కనబడేది మీ మోకాళ్ళు," అంది ఎవాంజలిన్. "వంపు రాగానే మీరు కాళ్ళు బిగిస్తారు. పైనున్నోడు వణికితే కిందున్నది ఏమనుకుంటాది?"

జాబేజ్ తల్లి అప్పలమ్మ చాపమీద కూర్చుని బైబిలు మూసింది. మామూలు మనిషి కాదు, సంఘంలో ఆడవాళ్ళందరికీ ఆవిడే పెద్ద. గుమ్మానికి గుమ్మడికాయ కట్టిన వాళ్ళని బజార్లో నిలబెట్టి కడిగేసే మనిషి.

"దెయ్యాల మాట నా ఇంట్లో ఎత్తకు," అంది. "ప్రార్థన సెయ్యి. అంతే."

జాబేజ్ ప్రార్థన చేసేడు. ఎందుకైనా మంచిదని మోకాళ్ళు కూడా వదులు చేసుకున్నాడు. అయినా చిన్నారి కదల్లేదు.

రోజులు దగ్గరపడ్డాయి. రేపు పొద్దున్నే వ్యాను తెస్తానని ఉదయ్‌కుమార్ ఫోన్ చేసేడు.

ఆ సాయంత్రం స్కూలు ట్రిప్పు అయ్యేసరికే మసక పడింది. చలికాలం కదా, జీను వేసి బయల్దేరేటప్పటికి బాగా చీకటి. తోటల మీద మంచు దిగుతోంది. ఎక్కడా అలికిడి లేదు... చెరుకాకులు ఒకదాన్నొకటి రాసుకుంటున్న చప్పుడు తప్ప.

వంపు తిరిగేరు. చిన్నారి ఆగిపోయింది.

జాబేజ్ దిగేడు. పగ్గం వదులుగా పట్టుకుని పక్కన నిలబడ్డాడు. "ఏం లేదే... సూడు, ఏం లేదు," అని దాని చెవిలో చెప్పేడు. చెప్తూనే తనూ చూసేడు.

ఉంది.

కాటా పక్కన ఒక వెలుగు. చిన్నది. నేలకి జానెడెత్తున... ఊగుతోంది. గాలి లేదు, అయినా ఊగుతోంది. ఆ వెలుగు వెనకనుంచి తెల్లగా ఒక ఆకారం పైకి లేచింది.

"యేసు రక్తమే జయం," అనబోయేడు జాబేజ్, సగమే వచ్చింది.

"ఎ... ఎవరది?"

ఇంకాస్త గట్టిగా అరిచేడు.

"ఎవరూ? పలకండి!"

ఆకారం పలకలేదు. మొహం ఇటు తిప్పలేదు. వీపు చూపిస్తూనే నడక మొదలెట్టింది. మంచులో కాళ్ళు కనబడ్డం లేదు... తెల్లగా, మెల్లగా, తేలుతున్నట్టు పోతోంది.

కిర్ర్... ర్ర్...

పలక!

జాబేజ్ మోకాళ్ళ సంగతి నేను చెప్పను. మగాడి పరువు.

అప్పుడు అయింది అసలు విడ్డూరం. ఇన్నాళ్ళూ అడుగు వెయ్యని గుర్రం — అడుగు వేసింది. వెనక్కి కాదు, ముందుకి. పగ్గం జాబేజ్ చేతిలోంచి జారిపోయింది.

"ఒసే... వద్దే... చిన్నారీ!"

వింటేనా! టక్... టక్... నింపాదిగా నడుచుకుంటూ పోయి ఆ తెల్లటి దాని భుజం మీద మూతి పెట్టింది. ఆకారం కొయ్యబారిపోయింది. అరవలేదు. చిన్నారి కొంగు పట్టుకుంది. లాగింది. కొంగు చివర ముడి నోట్లో పెట్టుకుని కరకరా నమిలింది.

"ఓలమ్మో! నా సర్చి సీర! వదల్వే, వదల్వే పాడుదానా!"

జాబేజ్ నోరు తెరుచుకుపోయింది.

"అమ్మా?!"

అవును, అప్పలమ్మే. ప్రార్థన కూడికకని ఆదివారం కట్టుకునే తెల్ల చీర కట్టుకుని బయల్దేరి, సగంలో లేచి వచ్చేసింది. కాటా పక్కన చూస్తే — గుమ్మడికాయ, దానిమీద కర్పూరం, చుట్టూ నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు.

"పలికించేసేవు కదరా!" అని తల్లే ఎదురు తిట్టింది. "దిష్టి పారేసినోళ్ళు పలక్కూడదు, ఎనక్కి సూడకూడదు. ఇంతసేపు పళ్ళ బిగువున ఉన్నాను. ఈ ముండ రోజూ నా కొంగులోంచి తినే బెల్లం కోసం అంతా పాడుసేసింది!"

"నువ్వా? దిష్టా? సంఘంలో..."

"మెల్లగా మాటాడు! అంత తెల్లటి గుర్రం. ఊరందరి కళ్ళూ దానిమీదే. దాని నోట్లో ముళ్ళు ఏస్తానన్నాడు కదరా ఆడు... సూస్తా ఊరుకోమంటావా? పది రోజులనుంచీ తిప్పి పారేస్తన్నాను. తగ్గదే!"

ఎలా తగ్గుతుంది? రోజూ కర్పూరం, కాలిన మిరపకాయల ఘాటు. టపాకాయల దగ్గర బెదిరిన గుర్రం ఆ వాసనకే నిలబడిపోతోంది. అది బెదిరిన కొద్దీ ఈవిడ దిష్టి తీసింది, ఈవిడ దిష్టి తీసిన కొద్దీ అది బెదిరింది. ఈరోజు మాత్రం ఆ వాసన వెనకాల ఎవరున్నారో దానికి తెలిసిపోయింది. జాబేజ్ కంటే ముందు తెలిసింది.

హడావుడిలో అప్పలమ్మ కాలు పలక అంచుకి తగిలి మడత పడింది. అడుగు పడ్డం లేదు.

"రోడ్డు మీంచి ఇంటికెల్దాం పద," అన్నాడు జాబేజ్.

"సంపుతావేటి? కూడిక అయ్యి పాస్టరుగారు అందరితో అటే వస్తారు. కాటా మీంచి సుట్టు తిప్పి తీసికెల్లు."

తల్లిని ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టేడు. జుట్టు ముడి వీడిపోయి వీపంతా పరుచుకుంది. కొంగు వెనక్కి ఎగురుతోంది. జాబేజ్ పగ్గం పట్టుకుని అవతలి పక్కన నడుస్తున్నాడు — నడుస్తున్నాడనేమిటి, నవ్వు ఆపుకోలేక భుజాలు ఎగిరిపోతున్నాయి. ఆ నవ్వు పగ్గం గుండా చిన్నారికి చేరినట్టుంది. మెడ వాల్చింది. పలక మీద గిట్ట పడి కిర్రుమంటే ఒక చెవి తిప్పింది, దాటేసింది. అంతే. దాటేసింది!

సరిగ్గా అప్పుడే ఎదురుగా ఒక స్కూటరు లైటు పడింది. పాలు పోసే గౌరీశంకర్. అతనికి కనబడింది చెప్తాను: పాత కాటా మీంచి తెల్ల గుర్రం... పైన తెల్ల చీర... జుట్టు విరబోసుకుని ఒక ఆడమనిషి... పలకదు. గుర్రం అవతల వంగి నవ్వుకుంటున్న జాబేజ్ అతనికి కనబడలేదు. అప్పలమ్మ పలకదు, పలికితే గొంతు గుర్తుపట్టేస్తాడు కదా.

స్కూటరు అక్కడే పడింది. క్యాన్లు అక్కడే పడ్డాయి. గౌరీశంకర్ మాత్రం అక్కడ లేడు.

తెల్లారేసరికి చోడవరం బస్టాండు టీ కొట్టుదాకా పాకిపోయింది. కాటా గుమస్తాకి పెళ్ళయిందట! పెళ్ళాం గుర్రమెక్కి కాపరానికి వచ్చేసిందట!

ఉదయ్‌కుమార్ ఆ టీ కొట్లోనే ఆగి వచ్చేడు. వ్యాను దిగేడు గాని గేటు దాటలేదు. పెరట్లో తాడుమీద ఆరేసిన తెల్ల చీర టపటపా కొట్టుకుంటోంది. దానికిందే చిన్నారి నింపాదిగా గడ్డి నములుతోంది.

"జాబేజ్ బాబూ," అన్నాడు చిన్న గొంతుతో. "రాత్రి దీనిమీద ఎవరో ఎక్కేరంటన్నారు..."

జాబేజ్ అబద్ధం ఆడే మనిషి కాదు. లోపల తల్లి దగ్గు వినబడింది.

"ఎక్కేరండి."

"ఆడమనిషేనా?"

"ఆడమనిషే."

"తెల్ల... సీర?"

"తెల్లదే."

ఉదయ్‌కుమార్ ఒకడుగు వెనక్కేసేడు. "మరి... ఎక్కడ దిగింది?"

జాబేజ్ ఇంటికేసి చెయ్యి చూపించేడు.

"ఇక్కడేనండి. మా ఇంట్లోనే ఉంది. పిలవమంటారా?"

వ్యాను తిప్పుకోవడానికి కూడా ఆగలేదు. రివర్సు గేరులోనే మెయిన్ రోడ్డు దాకా వెళ్ళిపోయేడు.