కిటికీలో నీలిముఖం

నగర్తపేటలో చీకటి పడ్డాక ఎవరూ తలెత్తి చూడని కిటికీ ఒకటుండేదట. తొంభైల నాటి మాట. అద్దెకొచ్చినవాళ్లు నిలవక మూతపడ్డ మిద్దెల్లు అది. పై గదిలో ఎవరో ఆడమనిషి తిరుగుతుందని చాలాకాలంగా వాడుక. అంతవరకూ ఉత్త మాటే... ఒక ఎండాకాలం వెళ్లేసరికి మాత్రం కళ్లారా చూసినవాళ్లు బయల్దేరారు. ముఖం నీలమట — పాము కరిచినట్టు నీలం.

పక్క వీధిలో ప్రెస్సు నడిపే పద్మనాభానిదే ఆ మిద్దె. ఆ ప్రెస్సులో రంగులు నూరి సిరా తయారుచేసేది నరసింహప్ప. ఆ ఎండాకాలం మొదట్లో క్యాలెండర్ల కోసం కొత్త ఎర్రసిరా కలిపాడు. ఎండకి అది నిలుస్తుందో లేదో చూడాలి కదా! దాంతో తీసిన రంగుల అచ్చొకటి, సగానికి నల్లకాగితం కప్పి, ఆ మిద్దె పై గదిలో ఎండ పడేచోట పెట్టి వచ్చాడు. దెయ్యాల కొంపలో ఎవడు ముట్టుకుంటాడని ఆయన ధీమా.

"ఎరుపు నిలిస్తే క్యాలెండర్లన్నీ నీ సిరాతోనే. వెలిసిందా... సిరా గది మూసేసి బొంబాయి సిరా డబ్బాలు తెప్పిస్తానప్పా," అన్నాడు పద్మనాభం. యాభై దాటిన నరసింహప్పకి చేతనైంది ఆ పనొక్కటే.

తెల్లారితే ఆ అచ్చు తెచ్చి ఫలితం చెప్పాలి. ఆ రోజంతా మిషను మొరాయించింది. పని తెమిలేసరికి చీకటి పడింది, కాళ్లు లాగేస్తున్నాయి. కాగితాలు మడిచే ఈరమ్మ గొంతు తగ్గించి అంది —

"ఈ పొద్దు వద్దన్నా... ఆయమ్మ ఉండాది."

"ఉంటే ఉండనీ ఈరమ్మా. భయపడే ఓపిక కూడా లేదు నాకు."

ఆవిడ మనసొప్పక సందు మొగదాకా వెంట వచ్చి ఆగిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు అప్పుడే కరెంటు పోయింది.

నరసింహప్ప ఒక్కడే నడిచాడు. వెనక ఏదో ఆటో సందులోకి తిరిగింది. దాని లైటు గోడ మీదుగా పాకి... కిటికీ మీద పడింది.

ముఖం!

సగమే ఉంది. ఆ సగం నీలం. మిగతా సగం చోట చీకటి. కన్ను రెప్ప వెయ్యకుండా ఆయన్నే చూస్తోంది... ఆటో వెళ్లిపోయింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిరిగేవాడే. కానీ తెల్లారి ఏ ముఖం పెట్టుకుని పద్మనాభం ముందు నిలబడాలి? దేవుణ్ణి తలుచుకుంటూ తాళం తీసి, గోడ పట్టుకుని మెట్లెక్కాడు. గదిలో అలికిడి లేదు. తడుముకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లి, అగ్గిపుల్ల గీశాడు.

అక్కడ ఏ ఆడమనిషీ లేదు. అద్దానికి తను అతికించిన అచ్చే ఉంది — వీధివైపు, ఎండవైపు తిరిగి. లక్ష్మీదేవి బొమ్మ.

కాగితం ఊడదీసి ఇటు తిప్పాడు. నల్లకాగితం ఎత్తాడు. దాని కింద సగం ముఖం నిన్న అచ్చేసినట్టు గులాబీ చెంపతో నవ్వుతోంది. ఎండ తగిలిన సగంలో ఎరుపన్నది లేదు. కుంకుమబొట్టు లేదు, పెదవి లేదు. మిగిలింది నీలం, నలుపు. తన ఎరుపు మీద నమ్మకంతో, ఊరంతా నీలిముఖం అంటున్నా అది తన బొమ్మేనని ఒక్కసారైనా ఆయనకి తట్టలేదు.

అగ్గిపుల్ల వేళ్లదాకా కాలి ఆరిపోయింది. నరసింహప్ప ఆ చీకట్లోనే చతికిలబడ్డాడు. ఏడుపొచ్చింది.

కింద సందు మొగనుంచి ఈరమ్మ పిలిచింది, భయం భయంగా —

"అన్నా... ఆయమ్మ ఉండాదా?"

పైనుంచి జవాబొచ్చింది.

"లేదమ్మా... ఉండింటే బాగుండు."