వెర్లీన్ కూర్చున్న వైపు

"ఆ పుస్తకం ఈ ఇంట్లో ఉంటే నేనుండను!" అని అరిచింది నదీన్, వంటబల్ల మీది పీచ్ పండ్లతో చేసిన తీపి కాబ్లర్ పళ్ళేన్ని పక్కకు నెట్టి.

వెర్లీన్, కూతురి కోపం అన్యాయమని ఎలా అనగలదు! ఆ పుస్తకం రాసిన హాడ్లీ, ఊళ్ళోని కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు చిన్న కోచ్‌గా పనిచేసినవాడు. జూదగాళ్ళతో కుమ్మక్కై ఎవరూ అడ్డురాకుండా బుట్టలోకి వేసే ఫ్రీ త్రోలను కావాలనే గురి తప్పించాడంటూ ఆమె కొడుకు డారెల్‌ను వెళ్ళగొట్టిననాడు, విచారణలో నోరు కుట్టేసుకున్నవాడు. ఇప్పుడేమో డారెల్ ఏ పాపమూ ఎరగడనీ, దెబ్బ తిన్న కుడి భుజానికి తిమ్మిరెక్కే సూది పొడిపించి పెద్ద కోచే ఆడించాడనీ రాశాడు!

"అప్పుడు లేవని నోరు ఇప్పుడెలా లేచిందమ్మా? పెద్ద కోచ్ ఉద్యోగం పీకేశాడని కక్ష! మనిల్లు కాలుతుంటే చుట్ట అంటించుకునే రకం వాడు!"

"పిరికివాడే తల్లీ, కాదనను... పిరికివాడు ఎప్పటికీ నిజం చెప్పడని ఎక్కడుంది?"

"నీకు నమ్మాలనుంది. అందుకే నమ్ముతున్నావ్."

ఆ మాట సూటిగా తగిలింది. అవును, నమ్మాలనుంది! డారెల్ వెళ్ళిపోయి ఏడేళ్ళు. "నిజం చెప్పరా, డబ్బు తీసుకున్నావా?" అని ఈ గుమ్మంలోనే నిలదీసింది తనే. వాడు బదులు చెప్పకుండా సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. క్రిస్మస్‌కు చెల్లెలికి ఫోన్ చేసి "అమ్మ బాగుందా?" అంటాడట గానీ, అమ్మకివ్వమనడు... కాబ్లర్ చేసిన ప్రతిసారీ ఒక మూల వాడికని వదిలేయడం, ఎండిపోయాక పారేయడం ఆమెకు అలవాటైపోయింది.

కన్నకొడుకును ఎందుకలా అడిగిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. చిన్న బడిలో ఆడే రోజుల నుంచీ, ఫ్రీ త్రో వేసే ముందు వాడు కుడిచెవి పట్టుకునేవాడు. 'అమ్మా, బానే ఉన్నా' అని ఆమెకు మాత్రమే తెలిసిన సైగ అది! ఆటగాళ్ళ ఇళ్ళవాళ్ళు కూర్చునేది కూడా వాడి కుడివైపే. నింద పడిన ఆ ఆట సాయంత్రం మాత్రం వాడి చెయ్యి చెవి దాకా రాలేదు. తప్పు చేశాడు గనకే తన మొహం చూడలేకపోయాడనుకుంది, పిచ్చి తల్లి!

కళ్ళు తుడుచుకుని పేజీ తిప్పింది. అక్కడున్న నాలుగు వాక్యాలూ మళ్ళీ మళ్ళీ చదివింది...

'కుర్రాడు కుడిచెయ్యి ఎత్తబోయాడు. లేవలేదు. ఎడమచేత్తో ఎడమచెవి పట్టుకున్నాడు. వేసిన ప్రతిసారీ అంతే. సూది మందుకి మతి పోయిందేమో అనుకున్నాను.'

"నదీన్! చెవి సంగతి వీడికెవరు చెప్పారే?"

"ఏ చెవి?" అంది నదీన్ బిత్తరపోయి.

"చూశావా, నీకే తెలీదు! అబద్ధాలాడేవాడు తనకు పనికొచ్చేవే కల్పిస్తాడు. ఇది వాడికి దేనికి పనికొస్తుందే? అర్థం కూడా తెలీకుండా, కంటికి కనబడింది రాశాడంతే!"

తల్లి ఏడుస్తూ ఆ సైగ సంగతంతా చెప్పింది. నదీన్ అన్నకు ఫోన్ కలిపి తల్లి చేతికిచ్చింది.

"ఏంటే నదీన్?"

"నేన్రా... ఆ రోజు ఎడమచెవి పట్టుకున్నావట కదరా! నేను కుడివైపు కూర్చున్నాను నాన్నా... నాకు కనబడలేదు!"



"కనబడిందనుకున్నానమ్మా..." అన్నాడు డారెల్. "చూసి కూడా ఆ మాట అడిగావనుకున్నా..."

వెర్లీన్ బల్ల మీద వాలిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. నదీన్ వచ్చి వెనక నుంచి వాటేసుకుంది.

"అమ్మా, ఏడవకు... ఇవాళేం వండావ్?" అన్నాడు డారెల్ ఫోన్లో.

"కాబ్లర్ రా! నీకని వదిలిన మూల అలాగే ఉంది..."

"పారేయకు," అన్నాడు డారెల్. "వస్తున్నా."