గొర్రెల లెక్క అడిగిన ఇంగ్లీషు సారు

కోదాడ నుంచి వచ్చిన లక్ష్మీనర్సయ్యకు తనంత తెలివైనవాడు సూర్యాపేటలో లేడని గట్టి నమ్మకం. పోలీసు యాక్షన్ అయి ఏడాది కాలేదు. పల్లెల్లో పనిచేసే యువతీయువకులను తయారుచేసే సమాజ సేవ క్లాసుకు ఇంగ్లీషు చెప్పడానికి కొత్త సర్కారుకు ఈయనే దొరికాడు.

"పుస్తకాలు మూసేయండి. పని చేస్తూ నేర్చుకోవాలి. గరిడేపల్లిలో గొర్రెలకు రోగం తగిలిందట. ఇంటింటికీ వెళ్లి అడుగుదాం. మిర్యాలగూడలో పశువుల డాక్టరు మలయాళీ, తెలుగు రాదు. ఆయనకు మీరే ఇంగ్లీషులో చెప్పాలి. దీన్నే ప్రాజెక్టు అంటారు."

"గొర్రెలు గూడ ఇంగ్లీషుల్నే దగ్గాల్నా సార్?" అంది సరోజన.

క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వాడు, ఆమె మీద మనసు పడ్డాడు కనుక. గరిడేపల్లి ఆమె ఊరు. వాళ్ల నాయనతో పెళ్లి మాట ఎత్తడమే ఈయన అసలు ప్రాజెక్టు. ఆ నాయన ఎవరో కనుక్కోవాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

గరిడేపల్లి చేరగానే ముసురులో గొడుగేసుకుని అందరికంటే ముందు ఒక వాకిట్లోకి దూరాడు. గొంగడి కప్పుకున్న జానయ్య ఎదురొచ్చాడు.

"ఎన్ని గొర్రెలున్నాయి?"

"ఒక్కటి గూడ లేదు."

దడి వెనక మంద అరిచింది.

"నాకు చెవులు లేవనుకున్నావా? ఇంత అబద్ధాలకోరును ఎక్కడా చూడలేదు."

జానయ్య కర్ర అందుకున్నాడు. సరోజన పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"ఆగు నాయినా. ఈయన మా ఇంగ్లీషు సారు."

లక్ష్మీనర్సయ్య మొహం పాలిపోయింది. సరోజన ఆయన వైపు తిరిగింది.

"మేత పన్ను గుంజేటోళ్లు గిట్లనే లెక్క అడుగుతరు సార్. మావోళ్లు నిజం జెప్తరా? ఎన్ని ఉన్నయని కాదు, ఏది మేస్తలేదని అడగాలె."

ఆమె నాయనను అట్లాగే అడిగింది. జానయ్య స్వయంగా రోగం తగిలిన గొర్రెల దగ్గరికి తీసుకెళ్లాడు.

మిర్యాలగూడలో డాక్టరుకు సరోజన తప్పులతోనే ఇంగ్లీషులో అంతా చెప్పింది. సారు దిద్దబోతే "జర ఊకుండ్రి" అంది. డాక్టరు మందుపెట్టెతో బయలుదేరాడు.

మంద తేరుకున్నాక లక్ష్మీనర్సయ్య మళ్లీ ఆ వాకిట్లో నిలబడ్డాడు.

"ఆ రోజు నోరు జారాను మామా, తప్పయింది. సరోజనంటే నాకు ప్రాణం."

"అప్పుడే మామనా?" అన్నాడు జానయ్య. "నాకేం దెల్వది. బిడ్డ గాడున్నది, దాన్నే అడుగు."

లక్ష్మీనర్సయ్య గొంతు సవరించుకున్నాడు.

"మీరు ఊకుండ్రి సార్, అడిగి ఖరాబు జేస్తరు," అంటూ సరోజన గడప దిగింది. "నేనే అడుగుత. నన్ను చేసుకుంటరా?"

ఇంగ్లీషు సారు ఇంగ్లీషూ తెలుగూ పక్కనపెట్టి ఔనని గబగబా తల ఊపాడు.