విప్పని ఇంజన్

పూలకొట్టు నడిపే ఆవిడ ఆ ఆదివారం మధ్యాహ్నం మేస్త్రి షెడ్డుకి గట్టిగా దెబ్బలాడదామనే వెళ్ళింది. ఆమె పాత వ్యానుకి సరిపడే ఇంజన్ ఇప్పుడెవరూ తయారుచేయడం లేదు. అందుకని ఆయన చేత ప్రత్యేకంగా కట్టించుకుంది. గ్యారంటీ నాదన్నాడు. ఏడాది తిరక్కుండానే అది నడిరోడ్డు మీద పట్టేసి ఆగిపోయింది. అడిగితే, "నీళ్ళు చూసుకోకుండా తోలారమ్మా, గ్యారంటీ చెల్లదు" అని చేతులు దులుపుకున్నాడు. ఫోన్లో వాదించి వాదించి విసిగిపోయి, చివరికి తన ఎదురుగానే ఇంజన్ విప్పాలని పట్టుబట్టింది.

పనివాళ్ళకి సెలవు. మేస్త్రి ఆమెను వెనకవైపు టెస్టింగ్ గదిలోకి తీసుకెళ్ళాడు. రొద బయటికి పోకుండా గోడలకి మందపాటి స్పాంజి అంటించిన గది. ఇనప తలుపు, అందులో చిన్న అద్దం, బయటివాళ్ళతో మాట్లాడటానికి గోడకో స్పీకరు. నడుమ స్టాండు మీద ఆమె ఇంజన్. డీజిల్ గొట్టం లేదు, బ్యాటరీ తీగ లేదు.

"కూర్చోండమ్మా, పానాలు తెస్తాను" అని ఆయన వెళ్ళాడు. బరువైన తలుపు దానంతటదే మూసుకుంది. లోపలివైపు పిడి లేదన్న సంగతి ఆమె అప్పుడు చూసింది.

వస్తాడులే అనుకుంది. ఆ గదిలో తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తోంది. మాడిన ఆయిల్ వాసన గొంతులో జిడ్డులా పేరుకుంటోంది. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. ఇంతలో ఎక్కడో టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ టిక్కుమంది. ఎండలో నడిచొచ్చిన బండిని ఆపాక, ఇనుము చల్లారుతూ చేసే చప్పుడది. కానీ ఈ ఇంజన్ తిరిగి నెలలైంది.

వేలితో తాకి చూసింది. చురుక్కుమంది.

అప్పుడు ఏదో తట్టింది... ఇంజన్ లోపల్నుంచి. టక్... టక్... వేలి కణుపులతో ఎవరో తలుపు తట్టినట్టు.

ఆమె తూలుకుంటూ వెళ్ళి అద్దాన్ని అరచేతులతో బాదింది. వెనక ఇంజన్లోంచి అంతే వేగంగా బదులొచ్చింది. ఆమె ఆపింది. అదీ ఆపింది.

అద్దంలో మేస్త్రి ముఖం కనిపించింది. స్పీకరు గరగరలాడింది.

"అమ్మా... అది తడుతోందా?"

"తలుపు తీయండి."

"మీరు తిరిగి తట్టలేదు కదా?"

"తట్టాను" అంది ఆమె.

మేస్త్రి తలుపు మీంచి చెయ్యి తీసేశాడు.

"మీ కాళ్ళు పట్టుకుంటాను మేస్త్రి గారూ. గ్యారంటీ వద్దు, ఏమీ వద్దు. తీయండి."

"చల్లారనివ్వండమ్మా" అన్నాడాయన గుసగుసగా. "పోయినసారి తొందరపడి తీశాను."

స్పీకరు ఆగిపోయింది.

గది ఉడికిపోతోంది. తట్టుడు ఇంజన్లోంచి స్టాండులోకి దిగింది. నేలలోకి వచ్చింది... ఆమె కాళ్ళకింద. ఆమె మూలకి జరిగి గోడకి వీపు ఆనించింది. ఇప్పుడు స్పాంజి వెనక. నడుము దగ్గర... భుజం దగ్గర... చెవి పక్కన. రెండు చేతులతో నోరు మూసుకుని అలాగే ఉండిపోయింది.

ఆగింది.

తలుపు తెరుచుకుంది. మేస్త్రి లోపలికి చూడకుండానే చెయ్యి చాచి, ఆమె మణికట్టు పట్టుకుని బయటికి లాగాడు. బయట ఎండ ఇంకా అలాగే ఉంది.

"వేరే ఇంజన్ కట్టిస్తానమ్మా, తప్పు మీది కాదు. దీన్ని విప్పమని మాత్రం అడక్కండి."

ఆమె తలూపింది. నడిచి ఇల్లు చేరింది.

సాయంత్రం ఆమె మెల్లగా జరిగిందంతా చెబుతుంటే, భర్త పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని విన్నాడు. మధ్యలో అతని ఫోన్ మోగింది. మేస్త్రి. ఇద్దరికీ వినబడేలా స్పీకర్ ఆన్ చేశాడు.

"బాబూ, మీ ఆవిడ ఇంకా గది మూలనే కూర్చుంది" అన్నాడు మేస్త్రి. "తలుపు బార్లా తీశాను, బయటికి రానని ఏడుస్తోంది. మీరొచ్చి తీసుకెళ్ళండి. ఈలోగా మీ ఇంటికి ఎవరొచ్చినా... లోపలికి రానివ్వకండి."

భర్త పక్కకి తిరిగి చూడలేదు. పట్టుకున్న చేతిని మెల్లగా వదలబోయాడు. అది వదల్లేదు.