ముత్యాలుకి మూడోవంతు నవ్వులు

ఉప్పుటేరు మీద ఉదయం ఎనిమిదింటి నీటిబస్సులో, సౌదామినికి ఎదురుగా కూర్చున్న ప్రయాణికుడు ఆమె తీసిన సినిమానే చూస్తున్నాడు. ఎదుట ఉన్నది దాని దర్శకురాలని అతనికి తెలియదు. నుదుటికి రుచిపట్టీ కట్టుకుని, అరచేతిలో తెర తెరుచుకున్నాడు. మూడో నిమిషంలో మొహం చిట్లించాడు. ఆరో నిమిషంలో ఆవలించాడు. ఎనిమిదో నిమిషంలో ముత్యాలు అనే హీరో వీడియోగేమ్ పెట్టె ముందు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. చూస్తున్నవాడు ఎడమ దవడ పట్టుకుని "అబ్బా!" అన్నాడు.

"ఏం సినిమా అండి బాబూ ఇది, ప్రాణం తీసేస్తంది" అంటూ తెర మూసేశాడు.

"మా ఆవిడా అదే అందండి" అన్నాడు పక్కవాడు. "అరగంట చూసి, నొప్పి బిళ్ళేసుకుని పడుకుంది."

సౌదామిని చేతిలో ఉన్న చిన్న పుస్తకంలో ఒక గీత గీసింది. ఎడమ దవడ పట్టుకున్నవాళ్ళలో ఇతను పదకొండోవాడు. ఎనిమిది నెలలుగా ఆమె కడుపు మండుతూనే ఉంది. ఇవాళ ఆ మంటకి ఒక దారి దొరికింది.

సినిమా బాగుందో లేదో జనం తమంతట తాము తేల్చుకునే రోజులు పోయి ఇరవై రెండేళ్ళయింది. అంతకు ముందు ఒకరు బాగుందన్నదాన్ని ఇంకొకరు చెత్త అనేవారు. థియేటర్ల ముందు తలలు పగిలేవి, సమీక్షలు రాసినవాళ్ళ ఇళ్ళ మీద రాళ్ళు పడేవి. ఈ గొడవంతా ఎందుకని రసమండలి ఏర్పాటైంది. ప్రతి కొత్త సినిమానూ మండలి నియమించిన తొలిచూపరి ఒక్కడే, చప్పుడు చొరబడని గదిలో కూర్చుని చూస్తాడు. అతని మనసులో, ఒంట్లో కలిగిన ప్రతి స్పందననూ యంత్రం రసముద్రగా పట్టి సినిమాకి అతికిస్తుంది. రుచిపట్టీ కట్టుకున్నవాళ్ళందరికీ అతను నవ్విన చోట నవ్వు, ఏడ్చిన చోట ఏడుపు వస్తాయి. అందరూ ఒకే మాట మీద ఉంటారు, కొట్లాటల్లేవు. తొలిచూపరికి మాత్రం పట్టీ ఉండదు. అతని రుచి కలుషితం కాకూడదు కదా.

కాకినాడ మండలి తొలిచూపరి వేమూరి శశిభూషణం. మనిషి సన్నగా, మాట పొదుపుగా ఉంటాడు. సౌదామిని తీసిన 'మూడు ప్రాణాల ముత్యాలు' మీద అతను వేసిన ముద్ర పుణ్యమా అని, ఆ సినిమా ఆ ఏటి చెత్తల్లో మొదటి చెత్తగా నిలిచింది. ఏడాదిలోగా ముద్ర రద్దు కాని చెడ్డ సినిమాను అన్ని నిల్వల్లోంచీ చెరిపేస్తారు, ఎక్కడా ఒక్క ప్రతి మిగలదు. ముత్యాలుకి ఇంక నాలుగు నెలలే గడువుంది.

ఆ మధ్యాహ్నమే ఆమె కూర్పరి జెకర్యా దగ్గరికి వెళ్ళింది. సినిమాలోని ప్రతి నవ్వునూ ఆమెతో పాటు కత్తిరించి కుట్టినవాడతను. పుస్తకం తీసి గీతలు చూపించింది.

"ఎడమ దవడ, జెకర్యా! అందరికీ అదే. ఆ మనిషి పన్నునొప్పితో కూర్చుని చూశాడు నా సినిమాని."

జెకర్యా పుస్తకం లాక్కుని గీతలు లెక్కపెట్టాడు. "ఆళ్ళకి రుచినిష్ఠ ఉంటది కదక్కా. చూడబోయే ముందు మూడ్రోజులు కారం ముట్టరు, మందు బిళ్ళ మింగరు. నొప్పొచ్చినా ఓర్చుకోవాల్సిందే."

"నొప్పుంటే వాయిదా వేయాలి. అదీ నియమమే."

"ఆయన ఇరవై రెండేళ్ళలో ఒక్క ఆట కూడా వాయిదా వెయ్యలేదంట. గొప్పగా చెప్పుకుంటా ఉంటాడు."

"ఆ గొప్ప కోసం నా సినిమాని బలి పెట్టాడన్నమాట" అంది సౌదామిని. ఆ రాత్రి ఆమె చాలా రోజుల తర్వాత కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది.

రెండు వారాల్లో జెకర్యా ఊళ్ళో పళ్ళ డాక్టర్లందరినీ కలిసి వచ్చాడు. సినిమా విడుదలైన నెలలో ఎడమ దవడ నొప్పని వచ్చినవాళ్ళు నాలుగు వేల మంది. వాళ్ళలో ఒక్కరికీ పన్ను పుచ్చలేదు. అయినా ముగ్గురు పట్టుబట్టి మంచి పళ్ళు పీకించుకున్నారు.

విచారణ రోజున మండలి హాలు కిక్కిరిసిపోయింది. అధ్యక్షురాలు కమలాక్షి ఎదుట సౌదామిని నిలబడింది. పళ్ళు ఊడినవాళ్ళు ముగ్గురూ మొదటి వరుసలో కూర్చున్నారు. శశిభూషణం ఓ పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"నా సినిమా మహాకావ్యం అనను" అంది సౌదామిని. "ముత్యాలు వేషం వేసినవాడు రెండు చోట్ల అతి చేశాడు, నాకూ తెలుసు. కథలో తర్కం లేదన్నారు. రూపాయి బిళ్ళ వేస్తే నడిచే ఆటలో తర్కం ఎక్కడుందండి? ఒక బుల్లి మనిషి పరిగెడతాడు, పడతాడు, చస్తాడు, మళ్ళీ మొదటి మెట్టు దగ్గర లేచి నిలబడతాడు. పడ్డ చోటే మళ్ళీ పడతాడు. మూడు ప్రాణాలు అయిపోతే ఇంకో బిళ్ళ వేస్తాడు. మన తాతల కాలంలో వీధి చివర గేమ్ పార్లర్లలో జనం గుమిగూడి చూసింది ఆ పడటాన్నే. ఒకడు ఆడేవాడు, వెనక పదిమంది నిలబడి నవ్వేవాళ్ళు. నా ముత్యాలుకి బతుకంతా ఆ ఆటే. అప్పులవాళ్ళు వచ్చినా, పెళ్ళాం అలిగినా, పడతాడు, లేస్తాడు. ఇందులో మీకు నవ్వు రాకపోతే పోనీ, పన్ను నొప్పెందుకు రావాలి?"

హాల్లో కలకలం రేగింది. కమలాక్షి తొలిచూపరి వైపు తిరిగింది.

"శశిభూషణం గారూ, ఆ రోజు మీకు పన్ను నొప్పి ఉందా?"

అతను లేచి నిలబడ్డాడు. "ఉందండి. వాయిదా అడగాల్సింది. అడగలేదు. తప్పు నాదే."

అంత తేలిగ్గా ఒప్పుకోవడం సౌదామినికి నచ్చలేదు. అతను బుకాయిస్తాడని, తను చీల్చి చెండాడాలని రాత్రంతా మాటలు కూడగట్టుకుంది. ఆ మాటలన్నీ గొంతులోనే ఉండిపోయి కసి రెట్టింపైంది.

మండలి ముద్రను రద్దు చేసింది. కాని నియమం ప్రకారం సినిమా తనను తాను నిరూపించుకోవాలి. పట్టీలు లేని మూడు వందల మంది ముందు వట్టి ప్రదర్శన వేస్తారు. హాస్యచిత్రమైతే వాళ్ళలో మూడోవంతు, అంటే వంద మంది నవ్వాలి. ప్రతి కుర్చీ చేతికీ ఒక నవ్వుమీటరు ఉంటుంది. ఒక మనిషి ఎన్నిసార్లు నవ్వినా ఒక్కటిగానే లెక్క. వంద చేరితే సినిమా బతుకుతుంది, చేరకపోతే అక్కడే చెరిపేస్తారు.

"తొలిచూపరికి ఏం శిక్ష కోరుతున్నారు?" అని అడిగింది కమలాక్షి. "హెచ్చరిక చాలంటారా? పదవి నుంచి తప్పించమంటారా?"

జెకర్యా సౌదామిని చెయ్యి పట్టుకుని, "మన సినిమా బతికితే చాలక్కా" అని గొణిగాడు.

"చాలదు" అంది సౌదామిని. "పదవి పోవాలి. తాళం పట్టీ వెయ్యాలి. ఏడాది పాటు తియ్యడానికి వీల్లేకుండా. ఇరవై రెండేళ్ళు ఊరందరి నెత్తినా తన రుచి రుద్దాడు కదా, ఇప్పుడు ఇంకొకరి రుచి ఆయన నెత్తిన రుద్దండి. అదీ ఎప్పుడో కాదు. నా సినిమా ప్రదర్శన రోజే, విశ్రాంతి సమయంలో, హాల్లో అందరి ముందూ వెయ్యాలి."

శశిభూషణం తలెత్తి ఆమె వైపు చూశాడు. కమలాక్షి సౌదామిని కోరినట్టే రాయించి ముద్ర కొట్టింది.

ప్రదర్శన ఆ ఆదివారం పదింటికి మొదలైంది. వాకిట్లోనే మూడు వందల మంది పట్టీలు విప్పి బుట్టల్లో పెట్టారు. కొందరు నుదురు తడుముకుంటూ కూర్చున్నారు. శిక్ష పడాల్సినవాడు కాబట్టి శశిభూషణాన్ని మధ్య వరుసలో కూర్చోబెట్టారు. ఎడమ దవడ పన్ను అతను ఎప్పుడో పీకించుకున్నాడు. తెర పక్కన గోడ మీద పెద్ద అంకెల్లో సున్నా వెలుగుతోంది.

ముత్యాలు పార్లర్ తెరిచాడు. కుర్చీతో సహా పడ్డాడు. సున్నా. లేచి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ పరికించి, మళ్ళీ అదే కుర్చీలో కూర్చుని మళ్ళీ పడ్డాడు. సున్నా. సౌదామిని సినిమా చూడకుండా జనం మొహాలు చూసింది. వాళ్ళు విసుక్కోవడం లేదు. కళ్ళప్పగించి చూస్తున్నారు. మధ్య మధ్య పక్కవాడి మొహంలోకి తొంగి చూస్తున్నారు. పక్కవాడు వీళ్ళ మొహంలోకి చూస్తున్నాడు. ఇంట్లో ఎవరైనా జారిపడితే పగలబడి నవ్వేవాళ్ళే అందరూ. తెర ముందు మాత్రం ఎక్కడ నవ్వాలో పట్టీ చెప్పేది. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేక కూర్చున్నారు. నవ్వొస్తే తప్పేమోనని భయపడుతున్నారు.

ముత్యాలు ఆటలోని రాక్షసుడికి కాఫీ ఇచ్చి, నాలుగో ప్రాణం కోసం బతిమాలే ఘట్టం వచ్చింది. "మీక్కూడా పిల్లలున్నారు కదండి" అన్నాడు ముత్యాలు, చుక్కల చుక్కల ఆ బొమ్మతో.

హాలు మధ్యలోంచి ఒక నవ్వు వినిపించింది. పొడిగా, పొట్టిగా మొదలై, ఆపుకోబోయి ఆపుకోలేక పెద్దదైంది. అంకె ఒకటికి మారింది. ఆ నవ్వు శశిభూషణానిది.

వెక్కిరిస్తున్నాడనుకుని సౌదామిని పళ్ళు నూరింది. కాని అతను కళ్ళు తుడుచుకుంటున్నాడు. తెర మీంచి చూపు తిప్పడం లేదు. ఊరు మొత్తం మీద, ఇరవై రెండేళ్ళుగా పట్టీ లేకుండా సినిమా చూస్తూ వచ్చినవాడు అతనొక్కడే. ఎవరూ చెప్పకుండా నవ్వడం అతనికొక్కడికే గుర్తుంది.

అతని పక్కనున్న ముసలామె ముందు అనుమానంగా చూసింది, తర్వాత కిసుక్కుమంది. ఆమె వెనకవాడు నవ్వాడు. అంకె ఏడైంది. శశిభూషణం ప్రతిసారీ ఒక క్షణం ముందు నవ్వుతున్నాడు, వరుసలు వరుసలుగా జనం అతని వెనక వస్తున్నారు. పంతొమ్మిది, నలభై, యాభై ఆరు. విశ్రాంతికి దీపాలు వెలిగేసరికి అంకె డెబ్బై ఒకటి. హాలంతా ముచ్చట్లు. పళ్ళు ఊడిన ముగ్గురిలో ఒకాయన బోసి సందులోంచి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

మండలి ఉద్యోగులు ఇద్దరు తాళం పట్టీ పెట్టె పట్టుకుని లోపలికి వచ్చారు.

జెకర్యా పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, చూశావు కదా! ఆయన నవ్వితేనే జనం నవ్వుతున్నారు. ఇయ్యాళకి ఆపించక్కా. నువ్వు చెబితే కమలాక్షమ్మ గారు వింటారు. సినిమా అయ్యాక ఎయ్యమను."

సౌదామినికి అంతా తెలుస్తూనే ఉంది. రెండడుగులు వేస్తే కమలాక్షి కుర్చీ. కాని ఎనిమిది నెలలు కళ్ళ ముందు కదిలాయి. సొంత చెల్లెలు పట్టీ కట్టుకుని సినిమా చూసి, "పోన్లే అక్కా, ఇంకోటి తీద్దువులే" అంటూ దవడ రుద్దుకున్న సంగతి గుర్తొచ్చింది. నా సినిమాని చంపినవాడి దయతో నా సినిమా బతకాలా అనుకుంది.

"ఇంకా ఇరవై తొమ్మిదే కదా" అంది. "రెండో సగంలోనే అసలు నవ్వులున్నాయి. చిట్టెమ్మ ఘట్టం ఒక్కటి చాలు. వెయ్యనీ."

శశిభూషణం తనే లేచి తల వంచాడు. పట్టీ బిగించి తాళం వేశారు. ఎవరో ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. వట్టి ప్రదర్శనకి ముద్ర ఉండదు. ముద్ర లేనప్పుడు పట్టీ మనసును శాంతంలో నిలిపి ఉంచుతుంది, అటూ ఇటూ కదలనివ్వదు. అతని మొహంలో ముడతలు ఒక్కొక్కటే సర్దుకున్నాయి.

రెండో సగం మొదలైంది. ముత్యాలు అత్తగారు చిట్టెమ్మ పార్లర్ మూయించడానికి వచ్చింది. విసుగ్గా ఒక బిళ్ళ వేసింది. వడియాలు పెట్టిన వేళ్ళతో మీటలు నొక్కి, అల్లుడు పదేళ్ళుగా చంపలేని రాక్షసుణ్ణి ఒక్క ప్రాణంతో చంపేసి, "ఇంతేనా?" అంది. రాసుకున్న రోజున సౌదామిని, జెకర్యా నేల మీద దొర్లి నవ్విన ఘట్టం అది.

జనం శశిభూషణం వైపు చూశారు. అతను తెర వైపు చూస్తున్నాడు, అంతే. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. అంకె డెబ్బై రెండైంది. చాలాసేపటికి డెబ్బై నాలుగైంది. తర్వాత కదల్లేదు.

దీపాలు వెలిగాయి. చెరిపివేతకి మండలి యంత్రం సిద్ధమవుతుండగా సౌదామిని కమలాక్షి దగ్గరికి పరుగెత్తింది.

"ఆ పట్టీ తీయించండి. ఒక్క ఘట్టం మళ్ళీ వేద్దాం. ఒక్కటే."

"ఏడాది తియ్యరాదని రాయించింది మీరేనమ్మా" అంది కమలాక్షి. ఆమె గొంతులో కోపం లేదు.

సౌదామిని వరుసలన్నీ దాటుకుంటూ వచ్చి శశిభూషణం ముందు నిలబడింది. ఏమని అడగాలో తెలియక, "చిట్టెమ్మ ఘట్టం చూశారా?" అంది.

"చూశానమ్మా" అన్నాడతను మర్యాదగా. "చాలా బాగా తీశారని తెలుస్తోంది. ఎక్కడ నవ్వాలో కూడా తెలుస్తోంది. నవ్వే రావడం లేదు."