పడవలోకి చెప్పులతో

"రేపు నీకు సెలవు. విశాఖ చూసి రా," అన్నాడు అర్జునరావు.

సీక్రెట్ సర్వీస్‌లో పై ఆఫీసరు అడక్కుండా సెలవిచ్చాడంటే భయపడాలి. సూర్యకళ భయపడింది.

కొలంబో నుంచి వచ్చిన కొరియర్ అమ్మాయిని ఎయిర్‌పోర్టులోనే గుట్టుగా పట్టుకున్నారు. విశాఖలోని ఫారిన్ ముఠాకి ఆమె మొహం తెలీదు. ఆమె బదులు సూర్యకళ వెళ్లాలి. ముఠా పంపిన కళ్లజోడు పెట్టుకుని, ఒంటరి టూరిస్టులా ఊరంతా తిరగాలి. సాయంత్రం ఫిషింగ్ హార్బర్‌లో చిప్ ఇస్తారు. అందులో ఉన్నది మన సబ్‌మెరైన్ల ఇంజన్ చప్పుడు రికార్డింగు. అది దేశం దాటితే మనవాళ్లకి సముద్రం అడుగున కూడా దాక్కునే చోటుండదు.

"కళ్లజోడులో కెమెరా, మైకు. నువ్వు చూసేదీ వినేదీ అంతా వాళ్లకి తెలుస్తుంది. తీశావా, అయిపోయావ్."

"మరి మీకెలా చెప్పాలి?"

"ఎడమ చెప్పు మడమలో ట్రాన్స్‌మిటర్ ఉంది. చిప్ కనపడగానే మూడుసార్లు తొక్కు. కోస్ట్‌గార్డ్ వస్తుంది."

"లోపల మనవాళ్లెవరైనా?"

"రోజారమణి. మన మనిషే. అయినా నీ సంగతి చెప్పలేదు."

"ఎందుకు?"

"మరీ అందంగా ఉంది."

సూర్యకళ పుట్టింది ఈ ఊళ్లోనే, చేపలు పట్టేవాళ్లుండే జాలారిపేటలో. ఆ మాట పైకి అనకూడదు. సబ్‌మెరైన్ మ్యూజియంలో నోరెళ్లబెట్టింది. కైలాసగిరి రోప్‌వేలో కెవ్వున అరిచింది. రాస్‌హిల్ మీద చర్చి ముందు సెల్ఫీ తీసుకుంది. పుట్టిన ఊళ్లో పరాయిదానిలా తిరగడం కంటే జైలు నయం. ఆటోవాడు ఎక్కువ అడిగినా ఒక్క మాట అనలేక ఇచ్చేసింది!

హార్బర్లో ఎండుచేపల గంపల దగ్గర ఆమె ఆగిపోయింది. పోతమ్మ పిన్ని. తల్లి పోయాక పెంచిన మనిషి. చూసి ఎనిమిదేళ్లయింది.

"ఏటమ్మా, అలా సూత్తన్నావ్? సేపలు కావాలేటి?"

కత్తిరించిన జుట్టు, నల్ల కళ్లద్దాలు. పిన్ని పోల్చుకోలేదు. "నో, థాంక్యూ," అని కదిలింది సూర్యకళ. కళ్లజోడు వెనక కళ్లు నిండిపోయాయి.

జెట్టీ చివర చిన్న పడవ. అందులో పట్టుచీర, ఎత్తుమడమల చెప్పులు, చేతిలో లిప్‌స్టిక్ గొట్టం. రోజారమణి.

"చిప్ ఇందులో ఉంది. ఎక్కండి మేడమ్."

ఎడమ మడమ తొక్కాల్సిన క్షణం అది. కానీ చిన్నప్పటి అలవాటు ఊరుకుంటుందా? జాలారిపేటలో ఎవరూ చెప్పులతో పడవెక్కరు. సూర్యకళ చెప్పులు విడిచి, పడవ అంచు తాకి కళ్లకద్దుకుంది.

చేసేసాక గానీ తెలీలేదు, ఏం చేసిందో.

రోజారమణి నవ్వింది. "కొలంబో కొరియర్‌కి గంగమ్మ మీద ఇంత భక్తి ఎక్కడిది? అర్జునరావు నా మీద నిఘా పెట్టాడన్నమాట." పమిట చాటున పిస్టల్ మెరిసింది. పడవ నడిపేవాడు సూర్యకళను లోపలికి లాగి, చెప్పులు కూడా పడవలోకి విసిరాడు.

డాల్ఫిన్స్ నోస్ కొండ దాటారు. చుట్టూ నీళ్లు, కణతకి పిస్టల్.

"చెప్పులేసుకో. సెల్ఫీ తీసుకుంటూ జారిపడిన టూరిస్టువి నువ్వు. శవం కాళ్లకి చెప్పులుండాలి."

సూర్యకళకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. 'క్షమించు గంగమ్మ తల్లీ,' అనుకుంటూ ఎడమ చెప్పు తొడుక్కుంది. వణుకుతున్నట్టు చెక్క మీద మూడుసార్లు తొక్కింది.

"కుడిది కూడా. త్వరగా!"

బకిల్ పట్టనట్టు నటిస్తూ ఆలస్యం చేసింది. రోజారమణి ఓపిక చచ్చి ట్రిగ్గర్ మీద వేలు బిగించింది. అప్పుడు మోగింది సైరన్. లంగరేసిన ఓడ వెనక నుంచి కోస్ట్‌గార్డ్ బోటు దూసుకొచ్చింది. రోజారమణి తల తిప్పి, లిప్‌స్టిక్ గొట్టాన్ని సముద్రంలోకి విసిరింది. సూర్యకళ ఎగిరి గాల్లోనే అందుకుంది. ఆమె భుజం తగిలి రోజారమణి చేతిలో పిస్టల్ నీళ్లపాలైంది.

రోజారమణికీ పడవవాడికీ బేడీలు పడ్డాయి. పడవ జెట్టీకి చేరింది. సూర్యకళ ఇంకా చెప్పులతోనే ఉంది. గంప దించి పోతమ్మ పరుగున వచ్చింది.

"సెప్పులతో పడవెక్కుతావేటి! ఎవల పిల్లవే నువ్వు?"

సూర్యకళ కళ్లజోడు తీసి నీళ్లలోకి విసిరేసింది. "నానే పిన్నీ. నీ సూర్యకళని."

పోతమ్మ గుడ్లప్పగించి చూసింది. ఆనక గట్టిగా వాటేసుకుంది. ఆ వెంటనే వీపు మీద ఒక్కటి చరిచింది.

"మన పిల్లవై ఉండి సేసే పనేనా ఇది!"

ఆ మిషన్ మొత్తానికి సూర్యకళకి తగిలిన దెబ్బ అదొక్కటే.