గ్లాసు కింద పెడితే ఆగినట్టే

వంటింటి కిటికీలోంచి ఎండ బల్లమీదికి పాకేసరికి పెద్దాయన తన ముక్కాలిపీటమీద కూర్చుని, కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఉంటాడు. ఆ పీట ఆయన చేసుకున్నదే. వడ్రంగం మానేసి చాలాకాలమైనా ఆ ఇంట్లో కిర్రుమనే తలుపు ఒక్కటీ లేదు. ఆయన నోరూ అంతే. అడిగితే "ఊఁ", అడక్కపోతే అదీ లేదు.

ఎదురుగా భార్య కళ్ళజోడు తుడుచుకుని ఫోను తెరిచింది.

"వినండి. ఒకావిడ రాసింది. 'బట్ట తడపకుండా కత్తిరించేవాళ్ళ చేతికి కత్తెరెవరిచ్చారో!' అంట."

పెద్దాయన మీసం కదిలింది. ఓ గుక్క తాగాడు.

"సరే, పోనిస్తున్నా," అని ఆవిడ వేలితో నొక్కింది. "దానికి ఇంకొకామె జవాబు. 'నీ కుట్టు చూస్తే నీ పెంపకం తెలుస్తోంది.'"

గ్లాసు టక్కున బల్లమీదికి దిగింది.

"ఆపేశా. కోపం చల్లారాక మార్చి రాయమని చెప్తా."

ఇంట్లో బట్టలు కుట్టుకునేవాళ్ళకోసం కోడలు పెట్టిన ఫోరం అది. ఎవరేం రాసినా ముందు మోడరేటర్ చూసి వదిలితేనే పదిమందికీ కనిపిస్తుంది. మొదట్లో నలుగురే, ఇప్పుడు చీమలపుట్టంత జనం. మొదటినుంచీ మోడరేటర్ అత్తగారే, జీతం భత్యం లేకుండా. "కోడలివైనా సరే, నీ పోస్టూ నా చేతిమీదుగానే వెళ్ళాలి. నియమం నియమమే," అని ఆవిడ ఆనాడే తేల్చేసింది. కోడలు నవ్వి ఒప్పుకుంది.

"ఇదిగో, మన కోడలిది!" అని ఆవిడ ఉత్సాహంగా అందుకుంది. "'మోడరేటర్లు కావలెను. జీతం ఇస్తాం. చురుగ్గా ఉండాలి. రోజంతా చూడగలిగే కళ్ళుండాలి...'"

కళ్ళజోడు తీసి, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచింది. అలవాటుకొద్దీ మొగుడి వంక చూసింది.

పెద్దాయనకి ముందు తట్టింది భార్య బాధ కాదు, తన పొద్దుటిపూట. ఈ ఫోరం రాకముందు ఇద్దరిమధ్యా "వడ్డించనా", "ఊఁ" తప్ప మాటే ఉండేది కాదు. ఇప్పుడు రోజూ లోకమంతా ఆవిడ గొంతెక్కి ఈ బల్ల దగ్గరికి వస్తోంది. అది కాస్తా పోతే?

గ్లాసు కింద పెట్టేశాడు. ఆవిడ పోస్టు ఆపేసింది.

వారం తిరిగింది. కోడలు దువ్వెన పట్టుకునే వంటింట్లోకి వచ్చింది.

"జీతమిస్తామన్నా ఒక్క పిట్టా వాలలేదేంటండీ?"

ఆమె మొగుడు బస్సు డ్రైవరు. బూట్లు తొడుక్కుంటూ, "అసలు కనపడితేగా! నా ఫోన్లో ఆ పోస్టే లేదు," అన్నాడు.

కోడలు మెల్లిగా అత్తగారి వైపు తిరిగింది. అత్తగారు గిన్నె తోముతోంది. ఆ గిన్నె అప్పటికే అద్దంలా ఉంది.

"అత్తయ్యా... ఆపేశారా?"

"ఆపా. నన్ను తీసేసే చీటీకి నాచేతే ముద్ర వేయిస్తావా తల్లీ?"

"తీసేయడమేంటి! దారాల కొట్టాయన ఫోరం ఖర్చుకి డబ్బులిస్తానన్నాడు. మీ కళ్ళు ఎర్రబడుతున్నాయని నేనే..."

"నా కళ్ళు నాతో ఏం అనలేదే. నీతో చెప్పుకున్నాయా?"

"పోనీ ఆ జీతం మీరే తీసుకోండి."

"కోడలి దగ్గర జీతానికి కుదిరానని చెప్పుకోమంటావా?"

"ఊరికే చేయించుకుంటే అత్తచేత వెట్టి చేయిస్తోందంటారు. ఇస్తానంటే పరువు పోయిందంటారు. విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం! నేనేం చెయ్యను?" కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అడకత్తెరలో పోకచెక్కలా చిక్కిన కొడుకు, రెండో బూటు వెతుకుతున్నట్టు బల్ల కిందికి దూరాడు. రెండో బూటు కాలికే ఉంది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. అందరూ దగ్గనుకున్నారు.

"ఆ ఉద్యోగం నాకియ్యి."

బల్ల కింద కొడుకు తల ఠప్పున కొట్టుకుంది.

"మామయ్యా! మీకు ఫోను ఎత్తడమే రాదు కదా!"

"చదివిపెట్టే మనిషిని పెట్టుకుంటా. మీ అత్తయ్యని." బల్లమీది గ్లాసు ముట్టుకున్నాడు. "నీ పోస్టు ఆపింది నేను. గ్లాసు దించింది నేనేగా."

"గ్లాసేంటి?"

అత్తగారు గిన్నె వదిలేసింది. "ఏనాడైనా నేను తేల్చానా తల్లీ? ఆయన తాగితే వదిలేదాన్ని, గ్లాసు దించితే ఆపేదాన్ని."

"అంటే ఇన్నాళ్ళూ మొత్తం ఫోరం నాన్న కాఫీమీద నడిచిందా?" అన్నాడు కొడుకు నెత్తి తడుముకుంటూ.

ముందు కోడలికే నవ్వొచ్చింది. కళ్ళనీళ్ళు చెంపలమీద ఉండగానే పడీపడీ నవ్వింది. "మీ తీర్పుకి తిరుగులేదని అందరూ మెచ్చుకుంటారత్తయ్యా! నేను ఒక్కమాట అడిగి రాయాల్సింది. తప్పు నాదే."

అత్తగారు ఆ చెంపలు అరచేత్తో తుడిచింది. "జీతగాళ్ళని పెట్టుకో. పగలంతా వాళ్ళే చూసుకుంటారు. పొగలు కక్కే పోస్టులు మాత్రం పొద్దున్నే మాకు పంపు. ఆ జీతగాళ్ళని ఎంచేదీ ఈ బల్ల దగ్గరే." ఆ తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నన్ను పనిలో పెట్టుకున్నారు సరే, నా జీతమెంత?"

పెద్దాయన ఆలోచించాడు. "రోజుకో మాట."

"ఊఁలు, ఆఁలు లెక్కలోకి రావు!"

మర్నాడే పోస్టు బయటికెళ్ళింది. ఆ మరుసటి పొద్దున్నే మొదటి దరఖాస్తు వచ్చింది.

"'నాకసలు కోపం రాదు, వస్తే మాత్రం ఊరుకోను' అని రాసింది ఒక పిల్ల."

పెద్దాయన పెద్దగా నవ్వాడు. కాఫీ ఒలికింది.

"ఖాయం చేసుకోండి మామయ్యా!" గుమ్మంలోంచి కోడలు కేకేసింది.

"ముందు నా జీతం," అని ఆవిడ చెయ్యి చాపింది.

ఆయన ఒలికిన కాఫీ కండువాతో తుడిచాడు.

"నువ్వు చదవకపోతే ఈ ఇంట్లో నాకు తెల్లారదు."

ఆవిడ కళ్ళజోడు తీసింది. ఈసారి నిజంగానే తుడవాల్సి వచ్చింది.

"ఏమే కోడలా," అంది, "మీ మామయ్య ఏడాది జీతం ఒక్కసారే ఇచ్చేశారు. రేపట్నుంచి ఏమిస్తారో అడుగు!"

పెద్దాయన ఓ గుక్క తాగాడు.